పాత జిప్సీల్లో ఏది కొనాలి, ఎప్పుడు థార్ వైపు చూడాలి

మారుతి జిప్సీ 1985 డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. 2019 నాటి కొత్త భద్రతా నిబంధనల దగ్గర మామూలు కొనుగోలుదారులకు అమ్మడం ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు కొనేదంతా చేతులు మారిన బండే. పైకి ఒకేలా కనిపించే వీటిలో లోపల నాలుగు రకాలున్నాయి. వాటికి తోడు సైన్యం వేలంలో వచ్చినవి, సఫారీల్లో తిరిగినవి, ర్యాలీల్లో పరిగెత్తినవి వేరు. కొనేవాళ్ళు ఎక్కువగా ముందు అడిగే ప్రశ్న "కార్బురేటరా, ఎంపీఎఫ్ఐయా?" అని. కార్బురేటర్ పాత పద్ధతిలో పెట్రోలుని గాలితో కలుపుతుంది, ఎంపీఎఫ్ఐ ఇంజెక్టర్లతో చిమ్ముతుంది. నిజానికి అది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు కాగితాలు చూడాలి, తర్వాత చాసిస్, ఆపైన ముందు యాక్సిల్. ఇంజిన్ సంగతి ఆ తర్వాతే. జిప్సీ కింగ్‌లో ఉన్న 1.3 లీటర్ల ఇంజిన్ ఎస్టీమ్ కారు కుటుంబానిదే. దాన్ని విప్పి బిగించగల మెకానిక్ ప్రతి జిల్లా కేంద్రంలో దొరుకుతాడు. కుళ్ళిన చాసిస్‌నీ పొంతన లేని ఆర్‌సీనీ బాగుచేసేవాడు మాత్రం ఎక్కడా దొరకడు.

బండి కింద ఏముంది

జిప్సీ అంటే సుజుకి ఎస్‌జే వరుస జిమ్నీకి పొడవు వీల్‌బేస్ రూపం: 2,375 మిల్లీమీటర్లు. నిచ్చెన చాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిళ్ళు, నాలుగు మూలలా కమాన్ పట్టీలు. నేలకూ బండికీ మధ్య ఎత్తు 210 మిల్లీమీటర్లు. గుడ్డ టాపు బండి ఖాళీ బరువు 985 కిలోలు. ఈ బండి గురించి మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన మొదటి అంకె అదే. వాన పడ్డ నల్లరేగడిలోనో తడి ఇసుకలోనో మిగతా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు కూరుకుపోతున్న చోట జిప్సీ పైపైన వెళ్ళిపోవడానికి కారణం ఇంజిన్ కాదు, ఈ తేలికదనం. దీనికి ఇనుప బంపర్లు, వించి, పైన క్యారియర్, రెండు స్టెప్నీలు తగిలించి రెండు మూడు వందల కిలోలు పెంచితే, ఏ గుణం చూసి కొన్నారో ఆ గుణాన్నే పోగొట్టుకున్నట్టు.

గేర్ల లెక్క తెలిస్తే ఈ బండి ఎక్కడ బలహీనమో తేలిపోతుంది. ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ బాక్స్‌కి అంటుకుని ఉండదు. విడిగా చాసిస్‌కి వేలాడుతూ ఉంటుంది, రెంటినీ ఒక పొట్టి షాఫ్ట్ కలుపుతుంది. కింగ్‌లో దాని నిష్పత్తి మామూలుగా వాడే హై రేంజిలో 1.409, మెల్లగా బలంగా లాగడానికి వాడే లో రేంజిలో 2.268. హైలో కూడా నేరుగా ఒకటికి ఒకటి తిరగకపోవడం ఇక్కడ గమనించాలి. మీరు తారు రోడ్డు మీద టూ వీల్ డ్రైవ్‌లో పోతున్నా ఆ గేర్లు పని చేస్తూనే ఉంటాయి. జిప్సీలో ఎప్పుడూ వినిపించే ఆ సన్నని కూత అందువల్లే. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్‌ని "ఫోర్ వీల్ వాడినప్పుడు చూద్దాంలే" అని వదిలేస్తే పాడయ్యేది కూడా అందువల్లే.

కింగ్ ఐదు గేర్ల బాక్స్‌లో మొదటిది 3.652, రెండోది 1.947, ఐదోది 0.795. మొదటి గేరును ట్రాన్స్‌ఫర్ కేస్‌తో గుణిస్తే హైలో 5.15, లోలో 8.28 వస్తుంది. లోలో రెండో గేరు 4.42, అంటే హైలో మొదటి గేరు కంటే అది వేగమైనదే. వెరసి లో రేంజి మీకిచ్చేది కింద ఒకే ఒక్క అదనపు గేరు. హైతో పోలిస్తే లో తగ్గింపు 1.61 రెట్లే. పాత మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్) రకంలో అది 2.48. దీనికి తోడు జిప్సీ ఎంపీఎఫ్ఐ ఇంజిన్ పూర్తి టార్క్, 103 న్యూటన్ మీటర్లు, 4,500 ఆర్‌పీఎం దగ్గర గానీ రాదు. పెద్ద రాళ్ళ మీద మెల్లగా పాకాలంటే క్లచ్ సగం తొక్కి నడపక తప్పదు, క్లచ్ ప్లేటు మాడేది ఆ పనికే. జిప్సీకి నప్పేది ఊపు మీద వెళ్ళే పని: బురద, ఇసుక, గతుకుల దారి, వాగు ఒడ్డు ఎక్కడం. రాళ్ళగుట్టలు నిదానంగా ఎక్కడమే మీ పని అయితే, సమురాయ్ (ఇదే వరుస బండికి విదేశాల్లో పేరు) కోసం అక్కడ తయారయ్యే తక్కువ నిష్పత్తి ట్రాన్స్‌ఫర్ గేర్ల సెట్టు తెప్పించుకోవాలి, లేదంటే వేరే బండి చూసుకోవాలి.

ఐదో గేరు సంగతి కూడా ఇంతే. 0.795ని 1.409తో గుణిస్తే 1.12. పేరుకి ఓవర్ డ్రైవ్ గానీ, ఇంజిన్‌కి ఊపిరి తీసుకునే వీలు లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడకి వంద వేగంతో రోజూ తిరగాలనుకునేవాళ్ళకి ఇది బండి కాదు. డెబ్బై, ఎనభై దగ్గర అది హాయిగా ఉంటుంది.

నాలుగు రకాలు

మొదటిది ఎంజీ410. ఎఫ్10ఏ ఇంజిన్, 970 సీసీ, 45 బీహెచ్‌పీ, నాలుగు గేర్లు. 1993 దాకా వచ్చిన వాటికి చక్రాల మధ్య వెడల్పు ముందు 1,210 మిల్లీమీటర్లే. ఇరుకు కాళ్ళ మీద ఎత్తు ఒళ్ళు కాబట్టి వంపుల్లో జాగ్రత్త కావాలి. 1993లో ఈ వెడల్పు 90 మిల్లీమీటర్లు పెంచి ఎంజీ410డబ్ల్యూ తెచ్చారు, అదే రెండోది. రెండింట్లో ఏదో ఒకటి తీసుకోవాలనుకుంటే కళ్ళు మూసుకుని వెడల్పుదే తీసుకోండి. ఇరుకుదాన్ని స్పేసర్లతో (చక్రానికీ హబ్బుకీ మధ్య పెట్టే బిళ్ళలు) వెడల్పు చేయడం సరైన మార్గం కాదు. వీల్ బేరింగ్ మీదా, చక్రం పక్కకి తిరగడానికి ఇరుసులా ఉండే కింగ్ పిన్ మీదా బరువు పడే చోటు బయటికి జరుగుతుంది, అవి త్వరగా అరుగుతాయి. 970 సీసీ బండిని దాచుకోవడానికో ఊరి పొలాల దాకా తిరగడానికో కొనాలి. నలుగురు ఎక్కి ఘాట్ రోడ్డు ఎక్కాలంటే 45 గుర్రాలు చాలవు.

మూడోది 1996లో వచ్చిన జిప్సీ కింగ్: 1,298 సీసీ జీ13బీఏ, కార్బురేటర్, 60 బీహెచ్‌పీ, ఐదు గేర్లు. నాలుగోది 2000లో వచ్చిన ఎంపీఎఫ్ఐ కింగ్: 16 వాల్వుల జీ13బీబీ, 80 బీహెచ్‌పీ. ఈ రెండింటికీ మధ్య కాగితం మీద 20 గుర్రాల తేడా ఉంది. నడిపితే ఆ తేడా పై ఆర్‌పీఎంలోనే కనిపిస్తుంది, కింద అంతగా తెలియదు.

కార్బురేటర్ వైపు చెప్పగల మంచి మాట ఒకటే: అడవి మధ్యలో ఆగితే స్క్రూడ్రైవర్‌తో జెట్ శుభ్రం చేసి బయల్దేరవచ్చు. కానీ ఏటవాలు మీద బండి బాగా వంగినప్పుడు ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు పక్కకి ఒరిగి ఇంజిన్ తడబడుతుంది. ఎంపీఎఫ్ఐలో ఆ బాధ లేదు. ఇంకో సంగతి, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. పాత రబ్బరు హోసులు, కార్బురేటర్ గాస్కెట్లు, డయాఫ్రమ్‌లు ఇథనాల్‌కి తట్టుకునేలా చేసినవి కావు. మెత్తబడి, ఉబ్బి, చివరికి కారతాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారడమంటే మంటకి దగ్గరి దారి. బండి నెలల తరబడి నిలబడితే ఇథనాల్ తేమని పీల్చుకుని ట్యాంకు అడుగున నీళ్ళలా చేరుతుంది, లోపల తుప్పు పట్టిస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో ఆ తుప్పు రజను పంపు జల్లెడకి అడ్డం పడి, ఎత్తు ఎక్కేటప్పుడు శక్తి చచ్చిపోతుంది. ఏది కొన్నా ట్యాంకు దించి కడిగించి, హోసులన్నీ ఇథనాల్‌కి తగినవి వేయించడం తప్పదు. ట్యాంకు 40 లీటర్లదే కాబట్టి దించడం పెద్ద పనేమీ కాదు.

తీర్పు అడిగితే: వాడుకోవడానికి కొనేవాళ్ళకి ఎంపీఎఫ్ఐ కింగ్. 2010 తర్వాతిది దొరికితే ఇంకా మేలు, ఆర్‌సీ గడువు ఇంకా మిగిలి ఉండవచ్చు. చాసిస్ శుభ్రంగా ఉన్న కార్బురేటర్ కింగ్‌కీ, కింద లప్పం పూసిన ఎంపీఎఫ్ఐకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే మాత్రం మారుమాట లేకుండా కార్బురేటర్ కింగే.

గుడ్డ టాపు, గట్టి టాపు

గుడ్డ టాపు తేలిక, అద్దం ముందుకి వంచుకోవచ్చు, ఎండిన వేసవి సాయంత్రం దాని సుఖం దానిదే. వానలో నీళ్ళు లోపలికి వస్తాయి, దొంగతనానికి అడ్డు ఉండదు, రోడ్డు మోత మాటల్ని మింగేస్తుంది. గట్టి టాపు బరువు కాస్త ఎక్కువ, కానీ కుటుంబంతో తిరగడానికి అదే పనికొస్తుంది. ఏసీ వేయించాలన్నా గట్టి టాపే ఉండాలి, ఎందుకంటే కంపెనీ నుంచి జిప్సీకి ఏసీ రాలేదు. బయట వేయించిన ఏసీ 1.3 ఎంపీఎఫ్ఐ మీద నడుస్తుంది. 970 సీసీ మీద వేయించవద్దు. ఏసీ ఉన్న బండి కొంటుంటే ఏప్రిల్, మే ఎండలో అరగంట ట్రాఫిక్‌లో నడిపి చూడండి. రేడియేటర్ సగం పూడుకుపోయి ఉంటే వేడి ముల్లు అక్కడే లేస్తుంది.

గుడ్డ టాపు బండికి తర్వాత గట్టి టాపు బిగించినవి చాలా తిరుగుతున్నాయి. ఇక్కడ ఆగి ఆర్‌సీలో బాడీ రకం ఏమని రాసుందో చదవండి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడంపై 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఆర్‌టీఓలు దీన్ని గట్టిగానే చూస్తున్నారు. రెన్యువల్‌కి బండి చూపించిన రోజున ఆర్‌సీలో ఒకటి, ఎదురుగా ఇంకొకటి ఉంటే పని ఆగిపోతుంది.

ఎక్కడి నుంచి వచ్చిన బండి

సొంత వాడకానికి మొదటి నుంచీ ప్రైవేటుగా రిజిస్టరైన బండి దొరికితే అదే మేలు. ధర ఎక్కువ చెబుతారు, ఆ ఎక్కువకి అర్థం ఉంది.

సైన్యం బండ్లు గట్టి టాపు కాకుండా గుడ్డ టాపువే ఎక్కువ. క్రమం తప్పని సర్వీసు వాటి బలం. కానీ ఏ బండి ఎక్కడ పని చేసిందో బయటికి తెలియదు. రాజస్థాన్ ఎడారిలో తిరిగిన చాసిస్ పొడిగా ఉంటుంది, తీరం దగ్గర నిలబడ్డది లోపల నుంచి తినేసి ఉంటుంది. వేలంలో కొన్న బండికి సైన్యం ఇచ్చిన విడుదల పత్రం, వేలం రసీదు, వాటిలోని చాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద గుద్ది ఉన్న నంబర్లతో అక్షరం తప్పకుండా కలవాలి. ఇంతకు ముందే ఏదో రాష్ట్రంలో సివిల్ రిజిస్ట్రేషన్ అయి ఉంటే ఆ తేదీ, ఆ పత్రాల తేదీ వరుసగా ఉన్నాయో లేదో చూడండి. రెండు మూడు బండ్ల ముక్కలతో ఒక బండి కట్టి, ఎప్పుడో చచ్చిపోయిన బండి ఆర్‌సీ తగిలించడం ఈ వ్యాపారంలో ఉన్నదే. నంబరు గుద్దిన చోట రంగు గోకి చూడనివ్వకపోతే అక్కడితో బేరం వదిలేయండి.

రణథంబోర్, కాన్హా, కార్బెట్ లాంటి చోట్ల సఫారీకి తిరిగిన జిప్సీల వెనక భాగం కోసి మెట్ల సీట్లు కట్టి ఉంటాయి. రిజిస్ట్రేషన్ రవాణా వాహనంగా ఉంటుంది. తక్కువ వేగంతో, రోజూ రెండు పూటలా, నిండా మనుషులతో తిరిగినవి కాబట్టి క్లచ్, కమాన్ పట్టీలు, వెనక చాసిస్ బాగా అలసి ఉంటాయి. ఆ బాడీని మళ్ళీ మామూలు రూపానికి తేవడానికి అయ్యే ఖర్చు చూస్తే ధరలో తేడా మిగలదు. ర్యాలీ బండ్లయితే షాకబ్జర్ల మౌంట్ల దగ్గరా, రోల్ కేజ్ చాసిస్‌ని తాకే చోటా వెల్డింగు పక్కన సన్నని పగుళ్ళు వెతకండి.

కింద పడుకుని చూడాల్సినవి

ఒక చిన్న సుత్తి, టార్చి, జాకీ, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు.

సుత్తితో చాసిస్ పొడవునా తడుతూ రండి. గట్టి ఇనుము గణగణమంటుంది, లోపల తుప్పు పొరలు కట్టిన చోట చప్పుడు చచ్చిపోతుంది. వెనక కమాన్ షాకిల్ బిగించే చోటు, వెనక చక్రాల వెనకాల పెట్టె ఆకారపు భాగం, బాడీ మౌంట్ల చుట్టూ మరీ జాగ్రత్తగా చూడండి. చక్రం విసిరిన మట్టి పెట్టె లోపల చేరి తడిని పట్టి ఉంచుతుంది, కాబట్టి తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. బయట కొత్త నల్ల రంగు మెరుస్తుంటే సంతోషించకుండా ఇంకా గట్టిగా తట్టండి. తర్వాత లోపలి మ్యాట్లు ఎత్తి ఫ్లోర్, బ్యాటరీ తట్ట, అద్దం ఫ్రేము కింది అంచు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు ఏళ్ళ తరబడి ఉన్న బండి అయితే ఉప్పు గాలికి ఇవన్నీ ముందే పోతాయి.

ముందు యాక్సిల్ ఈ బండిలో అసలైన పరీక్ష. చక్రం తిరిగే చోట ఇనుప గుండు లాంటి గూడు ఉంటుంది, దాని లోపల సీవీ జాయింట్ గ్రీజులో తిరుగుతుంది. పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు. గుండు వెనక నుంచి పల్చని నల్ల ద్రవం కారుతుంటే, డిఫరెన్షియల్ ఆయిల్ లోపలి సీలు దాటి వచ్చి గ్రీజుని కరిగిస్తోందని అర్థం. బయటి సీలు మాత్రమే మార్చి చేతులు దులుపుకుంటే నెలలోపే మళ్ళీ కారుతుంది. లోపలి సీలు కూడా మార్చాలి, గూడు మొత్తం కడిగి కొత్త గ్రీజు నింపాలి.

కింగ్ పిన్ చూడాలంటే, ముందు వైపు చక్రాన్ని జాకీతో లేపి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే తోడు మనిషిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే అది వీల్ బేరింగ్. తొక్కినా ఉంటే కింగ్ పిన్. స్టీరింగ్ అరవై, ఎనభై మధ్య ఉన్నట్టుండి గజగజ వణికే జబ్బుకి ఎక్కువ సార్లు మూలం ఇదే. చాలామంది స్టీరింగ్ డాంపర్ కొత్తది వేసి వణుకు పోయిందనుకుంటారు. డాంపర్ వణుకుని దాస్తుంది, కింగ్ పిన్ అరుగుతూనే ఉంటుంది. బేరింగులు మార్చి, షిమ్‌లతో బిగువు సరిచేస్తేనే అది పోతుంది. దానితో పాటే కమాన్ బుష్షులు, టై రాడ్ ఎండ్లు, వీల్ బ్యాలెన్సింగ్ కూడా చూడాలి. స్టీరింగ్ బాక్స్ ఆట తగ్గించడానికి స్క్రూని మరీ బిగించిన బండి నేరుగా పోయేటప్పుడు బిగుసుకుని, తిప్పాక మధ్యకి తిరిగి రాదు. అలా ఉంటే లోపలి గేర్లు అరిగిపోయాయని లెక్క.

ట్రాన్స్‌ఫర్ కేస్ మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. రబ్బరు పగిలితే కేసు వంగి లివర్ తనంతట తానే జారుతుంది. మట్టి దారి మీద 4ఎల్ (ఫోర్ వీల్, లో రేంజి) వేసి, మొదటి గేరులో యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కి వదలండి. లివర్ ఎగిరి బయటికి వస్తే మొదట మౌంట్లని అనుమానించాలి, అవి బాగుంటే లోపలి ఫోర్కు. మూడు ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాసుల్లో ఏది వదులైనా బండి కదిలేటప్పుడు టక్కుమంటుంది. ఈ పరీక్షలన్నీ మట్టి మీదే చేయాలి. జిప్సీకి మధ్యలో డిఫరెన్షియల్ లేదు, పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే ముందూ వెనకా షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెడతాయి. ఫ్రీ వీలింగ్ హబ్బులు (ముందు చక్రాలని షాఫ్టుతో కలిపే, విడదీసే తాళాలు) ఉన్న బండి అయితే వాటిని లాక్ చేశాకే పరీక్షించండి. లాక్ చేయకుండా లివర్ వేసి "ఫోర్ వీల్ పని చేస్తోంది" అని చూపించే అమ్మకందారులున్నారు.

ఇంజిన్‌కి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి. అంకెలు దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం, సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకి ఒక కిలో దాటితే వాల్వులో రింగులో పోయినట్టే. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం మీద చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి.

థార్ ఎప్పుడు మేలు

2010 నుంచి 2020 దాకా వచ్చిన పాత థార్ సీఆర్‌డీఈకి 2,498 సీసీ డీజిల్, 105 బీహెచ్‌పీ, 247 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది. బరువు జిప్సీ కంటే ఏడు వందల కిలోలకు పైగా ఎక్కువ. బరువు లెక్కలోకి తీసుకున్నా కింది ఆర్‌పీఎం లాగుడులో జిప్సీ దాని దరిదాపుల్లోకి రాదు. ట్రాలీ లాగాలన్నా, సామానుతో ఘాట్లు ఎక్కాలన్నా, రాళ్ళ మీద మెల్లగా పోవాలన్నా థారే. పవర్ స్టీరింగ్ కంపెనీదే, ఏసీ ఉన్న రకాల్లో అదీ కంపెనీదే వస్తుంది. 2015 మార్పుల్లో వెనక యాక్సిల్‌కి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ కూడా చేరింది. ఒక చక్రం గాల్లో తిరిగిపోతున్నప్పుడు అది రెండింటినీ కట్టేస్తుంది. పాత థార్‌లో ఎంచుకోవాలంటే 2015 తర్వాతిదే ఎంచుకోండి.

దాని బలహీనత ముందు భాగంలో ఉంది. జిప్సీలో గట్టి యాక్సిల్ అయితే థార్‌లో టార్షన్ బార్లతో విడివిడి సస్పెన్షన్. తారు మీద సుఖం, కానీ ఎత్తు పెంచాలని టార్షన్ బార్లు బిగిస్తే డ్రైవ్ షాఫ్టుల కోణం నిటారుగా మారి రబ్బరు బూట్లు చిరుగుతాయి, మట్టి దూరి జాయింట్లు పోతాయి. ముందు హబ్బులు వాక్యూమ్‌తో లాక్ అవుతాయి. సన్నని వాక్యూమ్ పైపు ఎక్కడ చిట్లినా లివర్ వేసినా ముందు చక్రాలు తిరగవు. చూసేటప్పుడు జాకీ మీద లేపి ఫోర్ వీల్ వేయించి, ముందు చక్రం నిజంగా పట్టుకుందో లేదో చేత్తో తిప్పి తేల్చుకోండి. చాలామంది వీటిని తీసేసి చేత్తో తిప్పే హబ్బులు వేయిస్తారు, అది మంచి మార్పే. కామన్ రైల్ ఇంజిన్‌కి కల్తీ డీజిల్ పడదు. ఇంజెక్టర్లు పోతే ఆ ఖర్చుతో జిప్సీ ఇంజిన్ సగం బాగుచేయించవచ్చు.

థార్ డీఐలో 2,523 సీసీ పాత తరహా ఇంజిన్, 63 బీహెచ్‌పీ. మోత, వణుకు ఎక్కువ, వేగం తక్కువ, కానీ మండల కేంద్రంలో ట్రాక్టర్ మెకానిక్ కూడా దాన్ని బాగుచేస్తాడు. వ్యవసాయానికి, తోటలకి అది చాలు. దీని 4x2 రకం కూడా అమ్మారు కాబట్టి ముందు యాక్సిల్ ఉందో లేదో చూసుకోండి. ప్యూజో ఇంజిన్ ఉన్న ఎంఎం540 జీపులు ఇంకా దొరుకుతాయి. వాటి అందం వేరు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కమాన్ కట్టలు, యాక్సిల్ పనులు, బాడీ పని అన్నీ జరుగుతాయి. అయితే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న ఎంఎం540 అరుదు, కనిపించేవాటిలో ఎక్కువ తిరిగి కట్టినవే. రోజువారీ బండిగా దాన్ని ఎవరికీ సలహా ఇవ్వలేము.

డబ్బు సర్దుబాటయ్యేవాళ్ళకి 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ ఉండనే ఉంది. గట్టి యాక్సిళ్ళు అలాగే ఉన్నాయి, కమాన్ల బదులు కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 105 గుర్రాలు, బరువు పన్నెండు వందల కిలోల చుట్టుపక్కలే. హై ఒకటికి ఒకటి, లో 2.002. అంటే జిప్సీ కంటే లో రేంజి నిజంగా లోతుగా ఉంది. పాత జిప్సీ మీద కొనుగోలు ధరతో సమానంగా ఖర్చు పెట్టే పరిస్థితి కనిపిస్తే, వాడిన జిమ్నీ ధర ఒకసారి కనుక్కోవడం తెలివైన పని.

కాగితాలు

ప్రైవేటు బండి ఆర్‌సీ పదిహేనేళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి ఫారం 25తో రెన్యువల్. అప్పుడు బండిని ఆర్‌టీఓకి చూపించాలి. పదిహేనేళ్ళు దాటిన కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఫారం 29, 30 సంతకాలు, అప్పు ఉండి తీరిపోయి ఉంటే ఫారం 35. ఆ పైన తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. దాన్ని కలుపుకున్నాకే ధర చవకో కాదో తేలుతుంది. ఢిల్లీలో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లకీ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లకీ నిషేధం పెట్టడం వల్ల అక్కడి నుంచి జిప్సీలు, థార్‌లు తక్కువ ధరకి దక్షిణాదికి వచ్చాయి. కొనేముందు వాహన్‌లో (ప్రభుత్వ వాహన రిజిస్ట్రేషన్ల వెబ్‌సైట్) నంబరు కొట్టి, రిజిస్ట్రేషన్ ఇంకా బతికి ఉందో, రద్దయిందో చూసుకోండి. డబ్బు ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే పూర్తిగా ఇవ్వండి, ముందు కాదు.

కొన్న మొదటి వారం

అమ్మినవాళ్ళు ఏం చెప్పినా అన్ని ఆయిళ్ళూ దించండి. కింగ్‌కి గేర్ బాక్స్‌లో సుమారు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో 0.8, ముందు డిఫరెన్షియల్‌లో 2, వెనక 1.5 లీటర్లు పడుతుంది. 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ చాలు. గేర్ బాక్స్‌కి జీఎల్-4 రకం వాడండి, డిఫరెన్షియళ్ళకి జీఎల్-5. గేర్ బాక్స్‌లో ఇత్తడి సింక్రో రింగులుంటాయి, కొన్ని జీఎల్-5 ఆయిళ్ళు వాటిని తినేస్తాయి. మొదట ఆయిల్ నింపే బోల్టు విప్పి, అది వచ్చాకే దించే బోల్టు విప్పండి. పై బోల్టు తుప్పు పట్టి రాకపోతే బండి ఆయిల్ లేకుండా అక్కడే నిలబడిపోతుంది.

దించిన ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్ళు దూరాయి. వాగులో దిగినప్పుడు వేడి యాక్సిల్ ఒక్కసారిగా చల్లబడి లోపల గాలి కుంచించుకుని, సీలు సందుల నుంచి నీళ్ళు పీలుస్తుంది. యాక్సిల్ మీద గాలి ఆడటానికి ఉండే బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఇది తప్పదు, మామూలు రోజుల్లో కూడా లోపలి ఒత్తిడి ఆయిల్‌ని వెనక డ్రమ్ములోకి తోసి బ్రేకు లైనింగులు తడిపేస్తుంది. బ్రీదర్లు విప్పి కడిగి, వాటికి రబ్బరు గొట్టం తగిలించి ఇంజిన్ గది పైదాకా తీసుకుపోయి కట్టండి. వెనక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్లు చూడండి, బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం మార్చి గాలి తీయించండి. టైమింగ్ బెల్టు మారుస్తున్నప్పుడే టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ సీలు కలిపి వేయిస్తే కూలి ఒక్కసారితో పోతుంది. టైర్లు 215/75 ఆర్15 దాటి పోవద్దు. 235 వేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ తిప్పినప్పుడు రాసుకుంటుంది, ఎత్తు పెంచాల్సి వస్తుంది, పైన చెప్పిన ఆ 1.61 లో రేంజి ఇంకా పల్చబడుతుంది, కింగ్ పిన్‌ల మీద బరువు పెరుగుతుంది.